నాలుగు రకాల యాపిల్ జ్వరం

శేషగిరిరావుకు సోమవారం నుంచి జ్వరం రావాలని ఆయన భార్య కోటేశ్వరమ్మ ఆదివారం సాయంత్రమే నిర్ణయించింది.

శేషగిరిరావు తిరువూరులో పేరున్న కిరాణా వ్యాపారి. చెయ్యి మహా బిగువు. లక్షణంగా ఉన్న మనిషి మంచమెక్కడమేమిటని మొదట ససేమిరా అన్నాడు. జ్వరం తెచ్చుకోకపోతే నాలుగు రకాల యాపిల్స్ డబ్బు పోసి కొనాల్సి వస్తుందని భార్య విడమరిచి చెప్పాక, మారు మాట్లాడకుండా వెళ్ళి దుప్పటి కప్పుకున్నాడు.

సంగతేమిటంటే, మహిళా మండలి వాళ్ళు యాపిల్ కేకుల పోటీ పెట్టారు. టీవీలో వంటల కార్యక్రమాలు చూసి ఊళ్ళో ఆడవాళ్ళందరికీ కేకుల పిచ్చి పట్టిన రోజులవి. ఒక్కో కేకులో కనీసం నాలుగు రకాల యాపిల్స్ పడాలన్నది నిబంధన. మొదటి బహుమతి కరెంటు ఓవెను. కుక్కర్లో ఇసుక పోసి కేకు చేస్తూ, అడుగు మాడినప్పుడల్లా మొగుణ్ణి తిట్టుకునే కోటేశ్వరమ్మ ప్రాణమంతా ఆ ఓవెను మీదే ఉంది. ఆయనగారు చస్తే కొనడు. గెలుచుకోవడమొక్కటే దారి.

ఉపాయం కూడా ఆ ఆదివారమే తట్టింది. పోటీ సంగతి చెప్పడానికి వచ్చిన మండలి కార్యదర్శి సరోజినీదేవి కాఫీ తాగుతూ మాటల్లో అంది: "మొన్న మా ఆయనకి జ్వరమొస్తే ఇల్లంతా యాపిల్సే వదినగారూ. చూడ్డానికొచ్చేవాళ్ళు ఉత్త చేతుల్తో రారు కదా. ఏం చేసుకోవాలో తెలీక చచ్చామనుకోండి."

సరోజినీదేవి భర్త సీతారామారావు మామిడికాయల వ్యాపారి. మామిడి సీజను దాటితే విస్సన్నపేట రోడ్డులో ఉన్న ఆయన గోడౌనులో ఎలకలు తప్ప ఏమీ ఉండవు. అలాంటి ఆయనకే అన్ని పళ్ళు వస్తే, ఊరందరికీ సరుకులు అమ్మే తన భర్తకు ఎన్ని రావాలని కోటేశ్వరమ్మ లెక్కేసుకుంది.

సోమవారం మధ్యాహ్నానికి జ్వరం కబురు పేటంతా పాకింది. ఎదురింటి హనుమాయమ్మ సిమ్లా యాపిల్స్ తెచ్చింది. ఉడికితే ఇట్టే మెత్తబడతాయి, పిండిలో కలపడానికి బాగుంటాయి. గుడి పూజారి దత్తాత్రేయులుగారు కాశ్మీరువి తెచ్చారు, మంచి వాసన. కొట్లో గుమాస్తా తెచ్చిన స్టిక్కరు యాపిల్స్ నిగనిగలాడుతున్నాయి గాని ఒట్టి తీపి, పైన అలంకారానికి తప్ప పనికిరావు. పుల్లటి పచ్చ యాపిల్ పడితేగాని కేకుకు రుచి రాదు, ముక్క పంటికి తగలదు. అదొక్కటే ఎవరూ తేలేదు. లోపల కోటేశ్వరమ్మ ప్రయోగాల వాసనకు, బయట జావ తాగుతున్న రోగికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

మర్నాడు పక్కింటి నర్సు రిబ్కా పచ్చ యాపిల్స్ పట్టుకుని వచ్చింది. రెండో చేతిలో థర్మామీటరు ఉంది. ఇప్పుడెందుకులే అంటూ కోటేశ్వరమ్మ అడ్డం పడబోయింది. అయితే శేషగిరిరావు అప్పుడే సలసలా కాగే జావ తాగాడేమో, నోట్లో పెట్టగానే పాదరసం పైకి ఎగబాకింది. రిబ్కా హడలిపోయి ఇంటికి పరుగెత్తి సూది మందు తెచ్చింది. పచ్చ యాపిల్స్ వంక చూస్తూ ఆయన ఆ పోటు పళ్ళబిగువున ఓర్చుకున్నాడు.

"ఏం జ్వరమో గాని పిన్నిగారూ, మన పేటలో చాలా ఇళ్ళల్లో ఇదే. అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళ జోలికి మాత్రం పోవట్లేదు," అంది రిబ్కా వెళుతూ.

కోటేశ్వరమ్మకు ఒళ్ళు మండిపోయింది. తన ఉపాయాన్ని ఎవరో దొంగిలించారు. హనుమాయమ్మే అయి ఉంటుంది, ఆవిడ మొగుడు పొద్దుటే మంచమెక్కాడు. అలాగని పలకరించడానికి వెళ్ళకపోతే ఊళ్ళో మాట పడాలి. ఇంటికి వచ్చిన పళ్ళే పట్టుకెళ్దామంటే కేకుకు కావాలి. చివరికి బస్టాండు దగ్గర బళ్ళ మీద కొత్తవి కొని, ఇల్లిల్లూ తిరిగి, ప్రతి మంచం దగ్గరా "అయ్యో పాపం" అని వచ్చింది. ఆ ఖర్చు విన్నాక శేషగిరిరావు మొదటిసారి నిజంగా మూలిగాడు.

పోటీనాటికి పేటలో మగవాళ్ళందరికీ ఒక్కసారే జ్వరం తగ్గింది. మండలి హాల్లో బల్ల మీద కేకులు బారులు తీరాయి. వాటి వెనక నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. సరోజినీదేవి అన్నీ రుచి చూసి, పచ్చ యాపిల్ ముక్క చక్కగా పంటికి తగిలిందని మెచ్చుకుని, మొదటి బహుమతి కోటేశ్వరమ్మకే ఇచ్చింది. ఊరందరినీ బురిడీ కొట్టించి గెలిచినందుకు కోటేశ్వరమ్మకు కాస్త సిగ్గేసింది. ఓవెను గుర్తొచ్చి ఆ సిగ్గు కాస్తా ఎగిరిపోయింది.

ఓవెను తమ గోడౌనులో ఉందని సరోజినీదేవి చెబితే, ఆటో మాట్లాడుకుని వెళ్ళింది. తలుపు దాటగానే గుప్పున వాసన కొట్టింది. మామిడి వాసన కాదు. ఎలకలు తిరగాల్సిన చోట ఖాళీ యాపిల్ పెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. సిమ్లావి, కాశ్మీరువి, స్టిక్కరువి, పచ్చవి. మిగిలిన నాలుగు పెట్టెలనూ బస్టాండు బళ్ళవాళ్ళు మోసుకుపోతున్నారు.

సీతారామారావు ఓవెనును జాగ్రత్తగా ఆటోలో పెట్టించి, చేతులు దులుపుకుని, ఆప్యాయంగా చెప్పాడు.

"ఇంకో లారీ వస్తోంది చెల్లెమ్మా. వచ్చే నెల యాపిల్ హల్వా పోటీ పెడుతుందట మీ వదిన. బావగారికి జ్వరం ఎప్పుడు రావాలో తనే కబురు చేస్తుంది."