చక్రం తిరిగినంతసేపు

“ఈ బిల్లు వచ్చేలోగా మగ్గం మీద ఇంకో చీర దిగేట్టుంది స్వామీ! మీ ప్రోగ్రాం నాకొద్దు, తీసుకుపొండి!”

యజమాని నంజుండశెట్టి అరుపుకు బెంగళూరు చిక్కపేటలోని ఆ పట్టుచీరల దుకాణమంతా ఇటు తిరిగింది. కంప్యూటర్ తెర మీద చక్రం మాత్రం నింపాదిగా తిరుగుతూనే ఉంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని గిరీశ్ హెబ్బార్ ఆ ప్రోగ్రాం రాసిన మేదిని వైపు చూశాడు. “ఇవాళ బాగుచెయ్యి. లేదంటే రేపట్నుంచి ఆఫీసుకు రానక్కర్లేదు.”

“అసలెందుకమ్మా ఇంత ఆలస్యం?” అన్నాడు శెట్టి.

“ముందు బిల్లులో చీరల పేర్లే వస్తాయి సార్. ధర, పన్ను లాంటివి అవసరమైనప్పుడు తెచ్చుకుంటుంది. అందుకని ఒక్కో చీరకీ డేటాబేస్ దాకా విడిగా వెళ్ళొస్తోంది.”

“పెళ్ళివాళ్ళు ముప్ఫై చీరలు తీస్తే ముప్ఫైసార్లు గోడౌనుకు పరిగెడుతుందా? అన్నీ ఒకేసారి మూటగట్టి తేవడానికేం రోగం?”

“అలాగే మారుస్తాను సార్.”

బిల్లు కోసం కూర్చున్నావిడ విసుగ్గా గోడకు వేలాడుతున్న చీరలవైపు తిరిగింది. “ఏమండీ, ఆ నెమలికంఠం రంగుది ఓసారి తీయండి, చూద్దాం.”

ఆ గొడవలో శెట్టి ఆమె మాట వినిపించుకోలేదు. పనివాడెవరో చీర తీసి ఆమె ఒళ్ళో పరిచాడు.

మేదిని అక్కడే స్టూలు మీద కూర్చుని ప్రోగ్రాం మార్చింది. సాయంత్రం వచ్చిన పెళ్ళివాళ్ళ బిల్లు, మీట మీంచి వేలు తీసేలోపే వచ్చేసింది. వాళ్ళు కుర్చీల్లో కూర్చోనైనా లేదు.

“భేష్!” అని శెట్టి అందరికీ కాఫీ తెప్పించాడు.

“మా అమ్మాయి మరి!” అన్నాడు హెబ్బార్, పొద్దున్న తానన్న మాట మరిచిపోయి.

నెల తిరగకుండానే శెట్టి రొప్పుకుంటూ వాళ్ళ ఆఫీసు మెట్లెక్కాడు.

“ఎక్కడా పిల్ల? నా కొంప ముంచింది!”

మేదిని కంప్యూటర్ మీంచి తలెత్తింది. హెబ్బార్ లేచి నిలబడ్డాడు. “మళ్ళీ నెమ్మదించిందా సార్? ఈ క్షణమే ఈమెను తీసేసి ఇంకొకర్ని...”

“తీసేస్తే ఎట్లా స్వామీ? ఆ పాత చక్రం ఎలా తిప్పాలో ఈమెకే కదా తెలుసు!” అంటూ శెట్టి కుర్చీలో కూలబడ్డాడు. “అది తిరిగినంతసేపూ ఆడవాళ్ళు కూర్చుని, గోడమీది చీరలు చూసి ఇంకో రెండు కొనేవాళ్ళమ్మా!”