బుల్లబ్బాయి మార్కులు

జ్ఞానప్రకాశం మాస్టారు ల్యాబుకి ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్ళారు. పరీక్ష రాసేది చేపే అయినా, దిద్దేది మనిషే కదా అని.

“మార్కులేం ఉండవు మాస్టారూ,” అంది పావని, చేపల మెదడు మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. డబ్బా మాత్రం తీసుకుంది.

తొట్టిలో బుల్లబ్బాయి తిరుగుతున్నాడు. అరచెయ్యంత బంగారు చేప. నెత్తిమీద బియ్యపు గింజంత యంత్రం. వాడు ఇష్టమొచ్చినట్టు ఈదుతుంటే, వాడి మెదడులో కదలికలు కంప్యూటర్లో గీతలుగా పడుతున్నాయి. ఇంట్లో రోజుకి ఆరుసార్లు మేత పడుతోందని, ఇలాగైతే చస్తాడని, నెల కిందట మాస్టారే తెచ్చి ఇచ్చారు.

“పక్క తొట్టిలో వాడికంటే మనవాడు నయమేనా అమ్మా?”

“ఇద్దరూ బానే ఉన్నారండి.”

ఆ జవాబు మాస్టారికి నచ్చలేదు.

పక్క కుర్చీలో ఆయన భార్య దీనమ్మ, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

“తొందరగా కానివ్వండి మాస్టారండీ, మావాళ్ళు ఎదురుచూస్తుంటారు.”

ఆవిడా ఆయన్ని మాస్టారనే అంటుంది. ఊరంతా అదే అంటుంది.

ఆయన వచ్చిన పని ఒకటే. ఎనిమిదేళ్ళపాటు రోజూ పొద్దున్నే పేరుపెట్టి పిలిచి, మేత వేసిన గొంతు ఒకటుంది. ఆ పిలుపు ఆగిపోయి ఏడాది దాటింది. అది చేపకైనా గుర్తుందా లేదా, తేలాలి.

ముందు ఆయనే పిలిచారు. గీత కదల్లేదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయనకిది కొత్త కాదు.

అప్పుడు ఫోను తీసి, పాత రికార్డింగు పెట్టారు.

“బుల్లబ్బాయ్, లేచావా నాన్నా? రా, తిందూగాని.”

గీత ఎగిరింది. బుల్లబ్బాయి గిరుక్కున తిరిగి, అద్దం దగ్గరికొచ్చి నోరు తెరిచాడు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ ఎగిరింది.

“గుర్తుపట్టాడండి,” అంది పావని. ఎవరి గొంతని అడగలేదు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. తుడిచిందే తుడుస్తున్నారు.

“ప్రింటు తీసివ్వమ్మా,” అన్నారు చివరికి. “లామినేషన్ చేయిస్తాను.”

“ఎంత ముద్దుగా పిలిచిందండీ మాస్టారూ, ఆవిడ మీ ఆవిడేనా?” అని అడిగింది దీనమ్మ, ఫోనులో వినిపించిన ఆ గొంతుతోనే.