పావు చుట్టు

భార్య వంటగదిలో పాలు దించే లోపు అతను నాబ్‌ను పావు చుట్టు బిగించేశాడు. తరవాత ఏమీ ఎరగనట్టు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పేపరు విప్పాడు.

ఆమె వచ్చి స్పిన్ బైక్ ఎక్కింది. కదలకుండా ఉన్నచోటే తొక్కే సైకిల్ అది. హ్యాండిల్ కింద నల్లటి నాబ్ ఉంటుంది. బిగిస్తే ఎత్తు ఎక్కుతున్నంత బరువు, వదులు చేస్తే పల్లం దిగుతున్నంత తేలిక. జిమ్ వాళ్లు పాతవి అమ్మేస్తుంటే ఒకటి కొనుక్కొచ్చింది. దాన్ని తెచ్చి నిలబెట్టిన కోచ్ అమ్మాయి నాబ్‌ను ఒకచోట ఉంచి, మూడు నెలలూ దీన్ని కదపొద్దనీ, నూట ఇరవై కిలోమీటర్ల సైకిల్ రైడ్‌కి ఈ బరువు చాలుననీ చెప్పి వెళ్లింది. ఆమె కదపలేదు.

కదిపింది అతను. ప్రతి సోమవారం పావు చుట్టు.

ఇరవై ఏళ్లు ఆ ఇంట్లో దూరపు రైడ్‌లన్నీ తొక్కింది అతనే. చంకలో పిల్ల, చేతిలో ఫ్లాస్కు, భుజాన తడి తువ్వాలుతో ఆమె ముగింపు గీత దగ్గర నిలబడేది. హాల్లో గోడ నిండా ఆ ఫొటోలే. ఒక్కదాంట్లోనూ ఆమె లేదు, తీసింది ఆమే కాబట్టి. రెండేళ్ల కిందట మోకాలికి ఆపరేషన్ చేసిన డాక్టరు ఇక సైకిల్ ఎక్కొద్దన్నాడు. అప్పటినుంచీ అతని సైకిల్ బాల్కనీలో కొక్కేనికి వేలాడుతోంది. ఈ ఏడు, యాభై మూడో ఏట, ఆమె వెళ్లి తన పేరు రాయించుకొచ్చింది. అతను నవ్వాడు. నవ్వితే మానుకుంటుందనుకున్నాడు, మానుకోలేదు. ఫ్లాస్కు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డ తనని పాత స్నేహితులు చూస్తారన్న ఊహ వస్తే చాలు, అతనికి తల కొట్టేసినట్టుండేది. నాలుగు వారాలు కాళ్లు పీకితే తనే దిగిపోతుందిలే అనుకుని మొదలుపెట్టిన పని అది.

మూడో వారంలో ఆమె తొక్కుతున్నదల్లా ఆగింది.

"ఏమండీ, ఈ సైకిల్ బరువెక్కుతోందా, నేనే డీలా పడుతున్నానా?"

"యాభై దాటాక కాళ్లు మన మాట వింటాయా?"

"ఒకసారి చూడండి. ఇలాంటివి మీకే కదా తెలిసేది."

అతను వంగి, నాబ్ చుట్టూ వేలితో తడిమి, బాగానే ఉందన్నాడు. ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసింది.

"అయితే కాళ్లే అయ్యుంటాయి," అని మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

ఆ తరవాతి సోమవారం నాబ్ అంచున చిన్న ఎర్ర చుక్క అతని కంటబడింది. కోచ్ అమ్మాయి గుర్తు పెట్టుకున్నదేమో, తనే ఇన్నాళ్లూ గమనించలేదనుకున్నాడు. ఒకందుకు మంచిదే అయింది, పావు చుట్టు ఎంతో ఇక అంచనా వెయ్యక్కర్లేదు. ఇంకోటి కూడా కలిసొచ్చింది. ఈమధ్య ఆమె పాలగిన్నెను గట్టు మీద ఠంగుమని పెట్టి గానీ గదిలోకి రావడం లేదు. ఆ చప్పుడు వినబడేదాకా అతనికి తొందరుండేది కాదు.

ఆమె మాత్రం దిగిపోలేదు. పక్కన రెండో తువ్వాలు పెట్టుకుంది, అంతే. బైక్ కింద పరిచిన పాత దుప్పటి రోజూ పిండి ఆరెయ్యాల్సి వచ్చేది.

పదో వారంలో ఒక సాయంత్రం ఆమె మెట్లెక్కుతుంటే పైనుంచి చూశాడు. పక్కకి తిరిగి, రెండు చేతులా కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి ఎక్కుతోంది. ఆపరేషన్ అయిన కొత్తలో తనూ అలాగే ఎక్కేవాడు. అప్పుడు వీపుకి చెయ్యి ఆనించి వెనకాలే వచ్చింది ఆమె. ఆ పూట అతనికి భోజనం సయించలేదు.

మర్నాడు నాబ్ మీద చెయ్యి వేశాడు, ఈసారి వెనక్కి తిప్పడానికి. వంటగదిలో గిన్నె ఠంగుమంది. చటుక్కున చెయ్యి తీసేసి కుర్చీలో కూలబడ్డాడు. రేపు చూద్దాంలే అనుకున్నాడు. మర్నాడూ అదే అనుకున్నాడు. అలా రైడ్ రోజు రానే వచ్చింది.

ఆ రోజు ఫ్లాస్కు అతనే నింపాడు. ముగింపు గీత దగ్గర ఎక్కడ నిలబడితే మలుపు కనబడుతుందో, ఎండ ఎటు తిరుగుతుందో అతనికి తెలియలేదు. దూరంగా కనబడ్డ ప్రతి తలా ఆమెదే అనిపించేది, దగ్గరికొచ్చాక ఎవరో అయ్యేది. ఇరవై ఏళ్లు ఆమె ఇలాగే నిలబడింది. ఎలా ఉంటుందని అతను ఒక్కసారీ అడగలేదు. పాత స్నేహితులిద్దరు పలకరించి పోయారు. ఫ్లాస్కు వంక ఎవరూ చూడనేలేదు. ఆమె కాళ్లు పట్టేసి ఏ చెట్టు కిందో కూలబడిందేమోనని, మూడు నెలలు తాను కోరుకున్నదాని గురించే ఇప్పుడు భయపడ్డాడు.

ఆమె తొమ్మిదో మనిషిగా వచ్చింది. పెద్దగా ఆయాసపడడం కూడా లేదు. వెనకాలే వచ్చిన కోచ్ అమ్మాయి సైకిల్ దిగుతూనే అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. గుట్ట ఎత్తులో కుర్రాళ్లే దిగి సైకిళ్లు నెట్టుకుంటుంటే ఈవిడ సీటు మీంచి లేవకుండా ఎక్కేసిందట.

"నేను పెట్టిన బరువుకి ఇలాంటి కాళ్లు రావు బాబాయిగారూ. మీరే దగ్గరుండి పెంచి ఉంటారు, ఇదంతా మీ చేతి చలవే."

ఆ అమ్మాయి వెళ్లాక ఇద్దరూ ఒక గోడ నీడన కూర్చున్నారు. అతను ఫ్లాస్కు మూతలో నీళ్లు పోసి అందించాడు.

"ఒక మాట చెప్పాలి," అన్నాడు. "ఆ నాబ్... ప్రతి సోమవారం బిగించింది నేనే. నువ్వు మానేస్తావని."

ఆమె నీళ్లు తాగి, మూత దులిపి, ఫ్లాస్కుకి జాగ్రత్తగా పెట్టింది.

"ఆ ఎర్ర చుక్క నేను పెట్టిందే. గోళ్లరంగు."

అతను తలెత్తాడు. ఆమె మలుపు వైపు చూస్తోంది, ఇంకా ఎవరో రావాల్సి ఉన్నట్టు.

"ఒక్కరోజైనా వెనక్కి తిప్పుతారేమోనని చూశాను."