రెండు తువ్వాళ్ళు

"అమ్మా, లేవండి. తువ్వాలు కనిపించట్లేదా?" అన్నాడు ఎర్ర టోపీ పెద్దమనిషి.

టైలరు భార్య గబుక్కున లేచి నిలబడింది. నిజంగానే కనిపించలేదు పాపం. ఆవిడ చూపు రోజురోజుకీ తగ్గిపోతోంది. ఉన్న చూపు పోకముందే జలపాతాన్ని దగ్గరగా చూపిద్దామని టైలరు ఆవిణ్ణి ఈ చిన్న ఓడ ఎక్కించాడు.

డెక్కు మీద ముందు వరసలో ఉన్నవే రెండు కుర్చీలు. ఆ పెద్దమనిషి రెండింటి మీదా తువ్వాళ్ళు పరిచేశాడు. ఒకటి తనకి, రెండోది కెమెరా సంచికి.

"సంచికి కుర్చీ ఎందుకండీ? మా ఆవిడ కూర్చుంటుంది," అన్నాడు టైలరు.

"తువ్వాలు ఎవరిదైతే కుర్చీ వాళ్ళది. అయినా కళ్ళు కనపడనావిడకి ముందు వరసైతేనేం, వెనక వరసైతేనేం?"

డెక్కు మీద నలుగురు నవ్వారు. టైలరుకి ఒళ్ళు మండిపోయింది.

"ఊరుకోండి, వాడితో మనకెందుకు," అని భార్య చెయ్యి పట్టుకుని లాగింది. ఊరుకునే రకం కాదు టైలరు.

ఓడ దారిలో ఒడ్డునున్న ఒక కోట దగ్గర ఆగింది. అందరూ చూడ్డానికి మెట్లెక్కారు. టైలరు పదో మెట్టు మీదే "అబ్బా, మోకాలు" అంటూ కూలబడి, భార్యతో సహా ఓడకి తిరిగొచ్చేశాడు. తువ్వాళ్ళు రెండూ తీసుకెళ్ళి కెప్టెన్ గది వెనకాల, ఇంజను మోతకి చెవులు చిల్లులు పడే, వెనక్కి తిరిగున్న చిట్టచివరి వరసలో పరిచాడు. టైలరు కదా, ముడతలు కూడా సరిచేశాడు.

టోపీ తిరిగొచ్చి గొంతు చించుకున్నాడు.

"తువ్వాలు ఎవరిదైతే కుర్చీ వాళ్ళది, మీ మాటేగా? మీ తువ్వాళ్ళు వెనకున్నాయి," అన్నాడు టైలరు, ముందు కుర్చీలోంచి కదలకుండా.

ఈసారి ఆ నలుగురూ టోపీని చూసి నవ్వారు. అతను సంచి మోసుకుంటూ వెనక్కి నడుస్తుంటే టైలరు కసితీరా చూశాడు.

మైకు గరగరలాడింది. "లోయలోకి వెళ్తున్నాం. సుడులుంటాయి. బయటికొచ్చేదాకా ఎవరూ బెల్టు తియ్యకూడదు, కుర్చీలోంచి లేవకూడదు."

టైలరు భార్యకి బెల్టు బిగించాడు. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని తయారైంది.

"ఇంకో మాట," అన్నాడు కెప్టెన్. "లోపల ఓడ తిరిగే చోటు లేదు. అందుకని ఇక్కడే తిప్పి, వెనక్కి నడుపుతూ జలపాతం దగ్గరికి తీసుకెళ్తాం."

ఓడ గుండ్రంగా తిరిగింది. టైలరు కళ్ళ ముందు వచ్చిన దారే మిగిలింది. హోరు మాత్రం వీపు వెనక పెరుగుతోంది.

"ఏదండీ జలపాతం?" అంది భార్య, ముందుకు వంగి వెతుక్కుంటూ.

కెప్టెన్ గది అవతలి నుంచి టోపీ కేక వినిపించింది. "ఏవండోయ్! తువ్వాళ్ళు భలే చోట వేశారండీ, తుంపరలు మొహానే కొడుతున్నాయి!"