హాల్లో ఫ్రిజ్

"టీకా వేసినా పిల్లలకి తట్టు వచ్చిందంటే, అదంతా ఆ బస్తీ మురికేనండీ," అంటూ నిర్మాతగారి భార్య లీలాకుమారి నిమ్మరసం గ్లాసు అందించింది.

డాక్టర్ రమామణి అందుకోలేదు. పొద్దున ఒక తల్లి అడిగిన మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "సూది ఏపిచ్చినం గద డాక్టరమ్మా, మరి పోరికి తట్టెట్ల లేసింది?"

"బస్తీ క్యాంపు ముందు టీకా మందు మీ ఇంట్లోనే పెట్టాం కదా. ఆ ఫ్రిజ్ ఒకసారి చూడొచ్చా?"

"అదిగో, షూటింగులో ఉంది."

హాల్లో లైట్ల వేడికి మొహం మండింది. సోఫా పక్కన నిలబెట్టిన ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, హీరో తీరిగ్గా డైలాగు చెబుతున్నాడు. "వన్ మోర్!" అన్నాడు డైరెక్టరు. తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఫ్రిజ్ ప్లగ్గు నేల మీద పడి ఉంది.

"మందు లోపల ఉన్నప్పుడూ ఇలాగే ఉందా?"

"గొప్పింటి సీనుకి హాల్లో ఫ్రిజ్ ఉండాలి కదండీ! అయినా రాత్రికి ప్లగ్గు పెట్టించాను. చల్లగానే మీకిచ్చాను."

రమామణి వంగి ప్లగ్గు చేతిలోకి తీసుకుంది.

"వేడికి చచ్చిన మందు మళ్ళీ చల్లబెడితే బతకదండీ! పేపర్లో ఫొటో పడింది, క్యాంపులో మొదటి సూది మీ బాబుకే కదా? వాడికీ మళ్ళీ వేయించండి."

లీలాకుమారి నవ్వి, గొంతు తగ్గించింది.

"అబ్బే, అది ఫొటో వరకేనండీ. ఈ లైట్ల వేడికి మగ్గిన మందు మావాడికెందుకని, ముందే నర్సింగ్‌హోంలో వేయించేశాను."