కుక్కర్ కూతల ఆల్బమ్

రాబోయే కాలంలో అభిమానులు ఓట్లు వేయరు. పాటలు వినిపించే చెవిపోగే ఒక్కొక్కరు విన్నదానికల్లా గుండె దడ కొలిచి, ప్రయోగాల రాక్ గాయకుడు కేతన్ ఆల్బమ్‌లకు ర్యాంకులిస్తుంది. పెళ్లిచూపుల్లో శశాంక్ కూడా తనలాగే "తుప్పు" ఆల్బమే గొప్పదన్నాడని మురిసిపోయి వకుళ పెళ్లికి ఒప్పుకుంది. పెళ్లయ్యాక ఒక ఉదయం వంటింట్లో అతని ర్యాంకులు చూస్తే, "తుప్పు" అట్టడుగున ఉంది.

"అబద్ధమాడారా?" అని నిలదీసింది.

"కాదంటావేమోనని భయపడ్డాను వకుళా. ఆ రేకుల మోత వింటే నాకు తలనొప్పి."

"మరి మొదట 'పేరు తెలియని ఆల్బమ్' అనుందే, అదేంటి?"

శశాంక్ సిగ్గుపడుతూ వినిపించాడు. కుక్కర్ కూతలు, పోపు చిటపటలు, మధ్యలో శ్రుతి తప్పిన ఆమె కూనిరాగం. చెవిపోగు దాన్ని కేతన్ కొత్త ప్రయోగమనుకుంది.

వకుళ నవ్వాపుకుంటూ కుక్కర్ పొయ్యి మీదికెక్కించి, గొంతు సవరించుకుంది.

"రెండో పాట వింటారా?"