ఆరేసిన గౌను

"కిందటేడు వీధిలో బట్టలారేస్తే ఊరి పరువు పోతుందని నోటీసు అంటించారు. ఇవాళ తమరే సంచీడు బట్టలు మోసుకొచ్చారా, మేయరుగారూ?" ఎర్సీలియా వెటకారంగా నవ్వింది.

"రోమ్ నుంచొచ్చే టూరిస్టులకి ఫొటోల్లో అవే కావాలట పిన్నీ! ఖాళీ ఇళ్ల కిటికీలకీ కట్టేద్దాం," అన్నాను.

ఆమె సంచిలోంచి ఓ తెల్లటి చిన్నపిల్లల గౌను తీసింది. "ఈ కొండమీద ఉయ్యాల ఊగి ఇరవై ఏళ్లయింది. ఇదెవరిదయ్యా?"

"సంతలో కొన్నా. వాళ్లకేం తెలుస్తుంది?"

ఆమె గౌనును పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి, ఉడుకుతున్న టమాటా సాస్‌లో గరిటె ముంచి, గౌను గుండెల దగ్గర పూసింది. తరవాత కూర్చుని ఉతకసాగింది.

"పాడుచేసి మళ్లీ ఉతకడమేంటి పిన్నీ?"

ఈసారి ఆమె నవ్వలేదు. "పిల్లలున్న ఇంటి గౌనుకి ఎంత ఉతికినా పోని మరక ఒకటుండాలి కదయ్యా!"